ఎండకు కారని పూత

పోయిన ఎండాకాలంలో ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కడపలో ఒక తుపాకుల దుకాణంలో పనికి చేరిందట. పోత పోసిన సీసపు గుండ్లకు మన ఎండల్లో ఏ పూత వేస్తే కారిపోకుండా నిలుస్తుందో చెప్పమని అడిగింది. నేను ఒక్క ముక్కలో చెప్పాను: తేనెమైనం మూడు పాళ్లు, ఆముదం రెండు పాళ్లు, తూకం ప్రకారం, గిన్నె కొలతతో కాదు. ఆ అమ్మాయి ఫోనులో రాసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగాక గాని నాకు తోచలేదు, సగం జవాబే ఇచ్చి పంపానని. పాళ్లు ఎవరైనా చెబుతారు. ఆ పాళ్ల దగ్గరికి నేనెట్లా చేరానో, చేరిన తరువాత కూడా ఆ పూత ఎందుకు ఓడిపోయిందో తెలియకపోతే ఆ లెక్క ఆమెకు అక్కరకు రాదు. ఆ మిగిలిన సగమే ఇది.

నేను ఆ పనిలోకి వచ్చిన తీరు

నేను పుట్టింది జమ్మలమడుగులో. ఎనిమిదో తరగతి దాకా చదివాను. మెట్టినిల్లు ప్రొద్దుటూరు. మా మామ బ్రహ్మయ్య ఆచారికి తుపాకులు బాగుచేయడానికీ, లైసెన్సు ఉన్నవాళ్లకు మందూ గుండ్లూ అమ్మడానికీ సర్కారు అనుమతి ఉండేది. ఇంటి ముందు గదే దుకాణం. గొట్టాలూ మీటలూ మామ చూసేవాడు. సీసం కరిగించి అచ్చులో గుండ్లు పోసేది నా భర్త. వేళకు అన్నానికి పిలవడానికి వెళ్లి, ఆ పోత చూస్తూ నిలబడిపోవడం నాకు అలవాటైంది. సీసం మీద తెట్టు ఎప్పుడు తీయాలో, అచ్చు ఎంత వేడెక్కితే గుండు నున్నగా వస్తుందో అట్లా నిలబడి నేర్చుకున్నదే.

పెళ్లయిన మూడో ఏడు టైఫాయిడ్‌తో ఆయన పోయాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు, పిల్లలు లేరు. కర్మంతరాలయ్యాక నన్ను తీసుకుపోవడానికి మా అన్న వచ్చాడు. మా అన్న మంచివాడు. కానీ ఒకటిన్నర గది కొంపలో అయిదుగురు పిల్లలు. నేను వెళితే ఆ ఇంటి పొయ్యి దగ్గర నా బతుకు తెల్లారుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నా పెట్టె గడప దగ్గర ఉంది. మామ దుకాణంలోంచి వచ్చి, మా అన్న ఎదుటే నన్ను అడిగాడు.

"ఈశ్వరమ్మా, గుండ్లు పోసేది నువ్వు చూసిండావు గదా. చేస్తావా?"

చేస్తానన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

"ఎండాకాలం గడిచేదాకా చూస్తా. గుండ్ల మీద మాట రాకుంటే ఈడనే ఉండు. వస్తే మాత్రం నన్ను తప్పనుకోవద్దు, మీ అన్నెంబడి పో."

ఇప్పటివాళ్లకు ఈ సంగతి చెబితే మామ కఠినుడంటారు. నేను అనను. తుపాకుల అంగట్లో మొగుడు పోయిన పిల్ల కూర్చుంటే ఊరు ఏమంటుందో ఆయనకు తెలుసు. గుండు పేలకపోతే అది మాటతో పోదు, అనుమతికే ముప్పు. అయినా అవకాశం ఇచ్చాడు. మా అన్న పెట్టె లోపల పెట్టి, ఒట్టి చేతులతో బస్సెక్కాడు.

పూత దేనికి

తుపాకి ఎరగని వాళ్లు కూడా ఇది చదవవచ్చు, కాబట్టి చెబుతాను. ఆ రోజుల్లో రైతుల దగ్గర ఉండేవి నోటి వైపు నుంచి మందు దట్టించే తుపాకులు. ముందు మందు పోస్తారు, దాని మీద గుడ్డముక్క చుట్టిన గుండు పెట్టి పొడుగాటి గజం కడ్డీతో లోపలికి దిగ్గొడతారు. గుండుకు జిడ్డు లేకపోతే రెండు చెడ్డలు. ఒకటి, సీసం గొట్టం లోపల అంటుకుంటుంది. రెండు, కాలిన మందు మసి గట్టిపడి, తరువాతి గుండు దిగదు. అందుకని గుండుకూ గుడ్డకూ పూత పూస్తాం.

చలి దేశంలో ఏది పూసినా నడుస్తుంది. మన దగ్గర నడవదు. రైతు సాయంత్రం ఎండ తగ్గకముందే తుపాకి దట్టించి, అడవి పందుల కోసం చేను గట్టున కూర్చుంటాడు. ఇనుప గొట్టం అప్పటికే కాలుతూ ఉంటుంది. పూత మెత్తనిదైతే కరిగి కిందికి జారి మందును తడుపుతుంది. తడిసిన మందు పేలదు, పేలినా సత్తువ ఉండదు. పోనీ గట్టి పూత వేద్దామంటే, అది మార్గశిరంలో పెచ్చులుగా రాలిపోతుంది. ఇంకొకటి మన దుమ్ము. జిగట పూతకు దుమ్ము పట్టిందంటే అది ఆకురాయితో సమానం, గొట్టాన్ని గీరిపెడుతుంది.

మా ఇంట్లో అంతవరకు వాడింది మేక కొవ్వు. కొందరు అది ముట్టుకోరు, ఆ తలనొప్పి వేరే. నేను కొవ్వు మాన్పించింది దానికి కాదు. ఎండకు అది వాసన వేస్తుంది. ఆ వాసనకు ఎలుకలు వస్తాయి. ఒకాయన ఇంట్లో దాచుకున్న పొట్లం విప్పి చూస్తే గుడ్డలన్నీ కొరికేసి, గుండ్లు మాత్రం కడిగినట్టు నున్నగా ఉన్నాయి. ఆయన మా మామను తిట్టలేదు గాని, ఎలుకలకు కూడా లైసెన్సు ఇప్పించమని అడిగి పోయాడు.

మామ నెయ్యి వేసి చూడమన్నాడు. ఆయన గొట్టాల పనిలో నేను చూసిన వాళ్లందరిలోకీ గట్టివాడు, పూత సంగతి మాత్రం ఆయనకు అంతగా పట్టేది కాదు. నెయ్యి మాఘమాసం దాటగానే చేతులెత్తేసింది. కొబ్బరినూనె సంక్రాంతికి రాయి, శివరాత్రికి నీళ్లు. శెనగనూనె ఎప్పుడూ గడ్డకట్టదు. ఒట్టి ఆముదం చిక్కగానే ఉంటుంది, ఎండలో జారుతుంది. కొవ్వొత్తి మైనం కరిగించి పోస్తే అద్దంలా మెరిసింది, గజంతో ఒక దెబ్బ వేయగానే చిట్లిపోయింది. ఒట్టి తేనెమైనం వీటన్నిటికంటే నయం. అయినా తెల్లవారు చలిలో అదీ పెళుసే.

పరీక్ష చేసే పద్ధతి నాకు నేనే ఏర్పరచుకున్నాను. నాపబండల మిద్దె మీద మిట్టమధ్యాహ్నం పాత వార్తాపత్రిక పరిచి, ఒక్కొక్క రకం గుండు ఒక్కొక్కటి పెట్టేదాన్ని. ఎండ దిగాక గుండు చుట్టూ కాగితం మీద జిడ్డు ఎంత వెడల్పు పాకిందో పుల్లతో కొలిచేదాన్ని. పాకిందంటే ఆ జిడ్డు రేపు మందులోకి పాకుతుందన్నమాట. మా అత్త నాగమ్మ వడియాలు ఎండబెట్టడానికి మిద్దెక్కి, నా గుండ్ల వరస చూసి పక్కకు తొలగి పోయేది. ఆమెకు నేను దుకాణంలో కూర్చోవడం ఇష్టం లేదు. పైకి అనేది కాదు.

అత్త బరిణె

చైత్రం వచ్చింది. ఒక మధ్యాహ్నం అత్త పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. చెమట నొసటి నుంచి ముక్కు మీదికి, గడ్డం మీదికి ధారగా కారుతోంది. ఆమె బొట్టు మాత్రం పెట్టినది పెట్టినట్టు, రూపాయి బిళ్లలాగా గుండ్రంగా ఉంది. చుట్టూ చెమట తిరిగి పోతోంది గాని కుంకుమ చెదరలేదు.

తెలియని పిల్లల కోసం చెబుతాను. స్టిక్కర్లు లేని ఆ రోజుల్లో ఆడవాళ్లు నొసట ముందు వేలితో మైనం అద్ది, దాని మీద కుంకుమ పెట్టేవాళ్లు. ఆ మైనం ఇంట్లోనే చేసుకునేవాళ్లు. మెత్తగా ఉంటే చెమటకు జారుతుంది, గట్టిగా ఉంటే నొసటికి అంటదు. ఏ ఇంటి ఆడదానికైనా అది చేతనైన పనే. నాకూ ఒక మైనం బరిణె ఉండేది. ఆయన పోయిన పదో నాడు తీసేసుకున్నారు.

నేను అత్తను అడిగాను, మైనంలో నూనె ఎంత కలుపుతావని.

ఆమె కెలకడం ఆపి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. నేను నాకోసమే అడిగాననుకుంది.

"నీకేంటికి తల్లీ అది ఇప్పుడు?"

"గుండ్లకత్తా."

అప్పుడు వచ్చింది కోపం. "ముత్తైదువ నొసట పెట్టేది సంపే గుండుకు పూస్తావా? ఇంట్లో జరిగింది సాల్లేదా? ఇంగోసారి ఆ మాట నా శెవిన పడనీయొద్దు."

మామ దుకాణంలోంచి అంతా విన్నాడు. అత్త తన బరిణెను అద్దం దగ్గరి గూట్లోంచి తీసి, నాకు అందని అటక మీద పెట్టుకుంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఆమెను ఆ తరువాత నేను ఆ మాట అడగలేదు.

కానీ చూసినది చూడనట్టు ఎట్లా ఉంటాను? మా అమ్మ జమ్మలమడుగులో మైనం చేస్తుంటే పక్కన కూర్చున్న రోజులు గుర్తు చేసుకున్నాను. మైనం కరిగించి, పలుచటి గుడ్డలో వడకట్టి, దించిన తరువాతే నూనె కలిపేది. ఎండాకాలం మైనం ఎక్కువ, చలికాలం నూనె ఎక్కువ. అమ్మ వాడింది కొబ్బరినూనె. నొసలు వేడెక్కడం వేరు, ఇనుము వేడెక్కడం వేరు, కాబట్టి కొబ్బరినూనె తీసేసి ఆముదం పెట్టాను. వంటింటి పొయ్యి నాకివ్వరు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టుకున్నాను. మందు ఉన్న గదికి ఎంత దూరంలో నిప్పు పెట్టాలో మామ స్వయంగా గీత గీసి చూపించాడు. ఆ గీత నేను ఎప్పుడూ దాటలేదు. మీరూ ఏ తొందరలోనూ దాటకండి.

సగం సగం వేస్తే కాగితం మీద జిడ్డు పాకింది. నాలుగుకు ఒకటి వేస్తే గట్టిపడి పెళుసెక్కింది. మూడుకు రెండు దగ్గర నిలిచింది. రోజంతా మిద్దె మీద ఉన్నా గుండు చుట్టూ కాగితం పొడిగా ఉంది. వేలితో నొక్కితే వేలిముద్ర పడింది, వేలికి మాత్రం అంటలేదు. మామకు చూపించాను. ఆయన ఒక గుండును వేళ్ల మధ్య చాలాసేపు తిప్పి, అది దేని పూతో అడక్కుండానే, ఇంక ఇదే వేయమన్నాడు.

ఓబులేసు

ఆ పూతతో అమ్మిన గుండ్ల మీద కొన్ని వారాలు ఏ మాటా రాలేదు. నేను లోపల్లోపల గెలిచాననుకున్నాను. అప్పుడు ఓబులేసు వచ్చాడు.

పులివెందులకు ఆవల ఒక మెట్ట పల్లె ఆయనది. బావి కింద ఎకరన్నర ఎండాకాలపు శెనక్కాయ వేశాడు. చుట్టూ అంతా ఎండిపోయి, ఆ ఒక్క చేను చెక్కే పచ్చగా ఉంటే పందులు ఇంకెక్కడికి పోతాయి? పులివెందుల నుంచి బస్సులో వచ్చి, సరుకు కోసం వచ్చిన వాళ్లందరికీ వినిపించేటట్టు అరుగు మీదే నిలబడి మొదలుపెట్టాడు.

"ఏం ఆచారప్పా, గుండ్లమ్ముతాండావా, చింతగింజలమ్ముతాండావా? మందు బుస్సుమనింది. గుండు నా కాళ్ల ముందర పడె. పంది నా తిక్కు జూసి మళ్లా మేసుకుంటాండె."

అరుగు మీద వాళ్లు నవ్వారు. మామ నవ్వలేదు. అదే విడత గుండు ఒకటి తీసి, పెరట్లో దట్టించి, మట్టిగోడకు కాల్చి చూపించాడు. శుభ్రంగా పేలింది. ఓబులేసు సణుగుతూ, కొత్త గుండ్లు తీసుకుని పోయాడు. కొద్దిరోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి హాస్యం లేదు. చేను సగం పోయింది, అడ్డంపోయిన కుక్కను పంది చీల్చేసింది. నా వైపు చెయ్యి చూపించి, మొగోడు పోసిన గుండ్లు ఇట్లా ఎప్పుడూ చేయలేదన్నాడు. పులివెందుల బస్సులో ఆ మాట అప్పటికే తిరుగుతోందని మాకు తెలిసింది.

ఆ సాయంత్రం మామ, మా అన్నకు కబురు పంపుతానని నాతో చెప్పాడు. తల వంచుకుని చెప్పాడు.

నేను ఏడవలేదు, వాదించలేదు. ఒకటే అడిగాను. మన పెరట్లో పేలిన గుండు ఆయన చేలో ఎందుకు పేలలేదో చూసి పోతాను, ఒక్కసారి ఆడికి తీసుకుపో మామా అని. పూత తప్పయితే ఒప్పుకుని పోతాను, ఏమిటో తెలియకుండా మాత్రం పోలేను. మామ కబురు పంపాడు, నన్నూ వెంటబెట్టుకుని పులివెందుల బస్సెక్కాడు. రెండూ చేశాడు. అట్లాంటి మనిషి ఆయన.

ఓబులేసు చేలో ఉన్నాడు. మమ్మల్ని చూసి గతుక్కుమన్నాడు. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడే అలవాటు మా సీమలో ఎంత కోపంలోనూ లేదు. బావి పక్క కొట్టం నీడలో గోనె పరిచాడు, ముంతతో నీళ్లిచ్చాడు. తుపాకి తెచ్చి మామ చేతికిచ్చాడు. మామ గొట్టం చూశాడు, మందుకు నిప్పు కొట్టే గుర్రం చూశాడు, మందు చిటికెడు తీసి చూశాడు. దేనిలోనూ తప్పు లేదు. ఇంక మిగిలింది నా గుండే. మామ నా వైపు చూడకుండా తుపాకి పక్కన పెట్టాడు.

ఓబులేసుకు అప్పుడు పెద్దాయనకు మర్యాద చేయలేదని గుర్తొచ్చింది. మొలకు దోపుకున్న వక్కాకు సంచి లాగాడు.

"ఆకేసుకో ఆచారప్పా. కోపం గుండ్ల మీద గాని నీ మీద కాదులే."

సంచి మూతి విప్పి ఒళ్లో బోర్లించాడు. తమలపాకులు, వక్కలు, పొగాకు కాడ, మూత ఊడిన సున్నపు డబ్బీ. వాటితోపాటు నా గుండ్లు నాలుగు దొర్లాయి. అవి నేను చేసిన రంగులో లేవు. తెల్లగా, తడి తడిగా, పాచి పట్టినట్టున్నాయి. ఒకటి తీసి గోటితో గీరాను. పూత పెరుగు విరిగినట్టు విరిగి రాలింది. గుండ్లతో ఇచ్చిన గుడ్డముక్క కూడా సున్నపు తడితో చెమ్మగా ఉంది.

"ఓబులేసన్నా, గుండ్లెప్పుడూ ఈ సంచిలోనేనా పెట్టేది?"

"మరి యాడ పెట్టుకోమంటావు? నా ఒంటి మీదుండే సంచి ఇదొకటే గదమ్మా. పంది వచ్చినప్పుడు ఇంటికి పొయ్యి పెట్టె తీసుకోమంటావా?"

సున్నం, నూనె కలిస్తే సబ్బు కడుతుంది. దానికి రైతు నడుము వేడి, చెమట తోడు; ఆ తడే గొట్టంలో మందును చంపింది. మిద్దె మీద ఎండనైతే నేను కొలిచాను. వక్కాకు సంచిలో ఏముంటుందో కొలవలేదు. మామ రోజూ ఆకు వేసుకునే మనిషే, ఆయన మొలనా అదే సంచి ఉంది, ఆయనకూ తట్టలేదు. పాత కొవ్వు పూత గుండ్లు సంచిలో పెడితే ఆకులన్నీ కంపు కొట్టేవని, అవి విడిగా కాగితంలో చుట్టుకునే వాడినని ఓబులేసే చెప్పాడు. నా గుండ్లకు వాసన లేదు, చేతికి అంటవు. మంచిగున్నాయని నేరుగా ఆకుల మధ్య వేసుకున్నాడు.

మామ నవ్వడం మొదలుపెట్టాడు. కొడుకు పోయిన తరువాత ఆయన నవ్వగా నేను వినడం అదే మొదలు. ఓబులేసు ముఖం ఎర్రబడింది.

"సగం చేను పొయ్యి నేను కూసోనుంటే నవ్వుతాండావా?"

"నిన్ను జూసి గాదప్పా," అన్నాడు మామ, కళ్లు తుడుచుకుంటూ. "నా మొలన జూసుకుని."

నేను ఓబులేసుతో అన్నాను, ఇది నీ తప్పు కాదు, యాడ పెట్టుకుంటావని మేం అడగలేదు, అడిగి అమ్మవలసింది మేమే అని. అది ఆయనను సమాధానపరచడానికి అన్న మాట కాదు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. వస్తువు తప్పుగా వాడాడని కొన్నవాడిని నిందించే దుకాణదారును నేను నమ్మను.

ప్రొద్దుటూరు వచ్చి, వెదురు గొట్టాలు కణుపు దగ్గర కోయించి, కొయ్య బిరడాలు బిగించి, బిరడా చుట్టూ అదే మైనం రుద్దాం. గుండ్లు అందులో వేసి, మొలకు కాకుండా తుపాకి భుజం పట్టీకి కట్టుకోవాలని ప్రతివాడికీ చెప్పి అమ్మాం. ఓబులేసుకు మొదటి గొట్టం బస్సు డ్రైవరు చేత పంపాం.

మా అన్న వచ్చే రోజుకు ఓబులేసు నుంచి ఏ కబురూ లేదు. పెట్టె మళ్లీ గడప దగ్గరికి వచ్చింది. మా అన్న మంచినీళ్లు తాగుతుండగా పులివెందుల బస్సు దిగి ఓబులేసు వచ్చాడు. నెత్తిన చిన్న మూట. దుకాణం బండల మీద పచ్చి శెనక్కాయలు కుమ్మరించాడు, మట్టితో సహా.

"పేలింది," అన్నాడు.

మామ ఒక కాయ ఒలుచుకుని, మా అన్న వైపు తిరిగాడు. "ఈశ్వరమ్మ రాదులేప్పా. ఈడ పనుంది."

ఆ తరువాత

ఆ పని ఎన్నో ఏళ్లు చేశాను. రకరకాల తుపాకులు మారాయి, తయారు తూటాలు వచ్చాయి, నోటి వైపు దట్టించేవి తగ్గిపోయాయి. జమ్మలమడుగులో ఒక పాత మిలిటరీ ఆయన ఉండేవాడు. తాను పని చేసిన చలి ప్రాంతం నుంచి తెచ్చుకున్న గ్రీజు డబ్బా తప్ప ఇంకేదీ ఒప్పుకునేవాడు కాదు. వైశాఖంలో అది కారిపోయి, ఆయన మంచి చొక్కా పాడుచేసింది. ఆయన గ్రీజు చెడ్డది కాదు, దాని ఊరు వేరు. ఆయనా నేనూ కూర్చుని, అందులో మైనం కలుపుకుంటూ పోయి, మన ఊరికి తగ్గట్టు చేశాం. చివరిదాకా ఆయన దాన్ని తన గ్రీజనే అన్నాడు, నేనూ అవుననే అన్నాను.

మా సీమలో తుపాకి పందుల మీదికే ఎత్తుతారని నేను అబద్ధం చెప్పను. లైసెన్సు కాగితం సరిగా ఉన్నా, ఏ పంట వేశావు, చేను ఎక్కడ, గుండ్లు ఎక్కడ దాస్తావు అని మామ అడిగేవాడు. జవాబు చెప్పేటప్పుడు నీళ్లు నమిలేవాళ్లకు సరుకు అయిపోయిందనేవాడు. ఓబులేసు సంచి చూసిన తరువాతే ఆయన ప్రశ్నలు పెరిగాయి. గుండు మన చేతిని దాటాక ఎక్కడ ఉంటుంది, ఎవరి దగ్గర ఉంటుంది, ఎంత వేడిలో ఉంటుంది అని అడగడం మన పనిలో భాగం. కడప అమ్మాయికి నేను చెప్పకుండా పంపిన సగం ఇదే.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను.

రాజధాని హైదరాబాదుకు మారిన కొన్నేళ్లకు మామ పోయాడు. అనుమతి నా పేరు మీదికి వచ్చింది. అత్త పదో నాటి తరువాత గదిలోంచి బయటికి రావడం మానేసింది. అన్నం లోపలికే తీసుకుపోయి పెట్టేదాన్ని. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా, ఆ దుకాణం గదిలో ఆమె ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. నా పూత దేనితో చేస్తానో ఆమెకు తెలుసు. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

మళ్లీ ఎండలు మొదలయ్యాయి. పెరట్లో ఇటుకల మీద మైనం కరుగుతోంది. వెనక అలికిడైతే చూశాను. అత్త నిలబడి ఉంది. చేతిలో బరిణె. అటక మీది నుంచి ఎప్పుడు దించుకుందో తెలియదు. నా పక్కన నేల మీద పెట్టింది.

"ఇంగ నాకేంటికిది. గుండ్లకేసుకో."

మూత తీశాను. సగానికి పైగా మైనం ఉంది. మధ్యలో ఆమె వేలు రోజూ ఆనిన చోట చిన్న గుంట పడి ఉంది. నేను దాన్ని పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని, పుల్లతో గీరి, తనే గిన్నెలో వేసింది. అది కరిగేదాకా చూసింది. తరువాత ఇటుకల పక్కనే చతికిలబడి, నేను తూచి పెట్టుకున్న ఆముదం వైపు చూసి అంది.

"ఒక సుక్క తగ్గిచ్చు. ఎండలు శానా ముదురుతాండాయి."

తగ్గించాను. ఆ ఏడు ఒక్క గుండు కూడా కారలేదు.